మా బావకు కట్టిన ఫ్లెక్సీ

మా బావ పోయిన రోజు కబురు వచ్చినప్పుడు నేను నవ్వాను.

ఫోను చేసింది కేసముద్రం స్టేషన్ రోడ్డులో ఆయన దుకాణం పక్కన చాయ్ హోటల్ నడిపే మనిషి. "అన్నా, మీ బావను లారీ గుద్దింది. మానుకోట దవాఖానకు తీస్కపోతున్నరు, జల్ది రా" అన్నాడు. అంతకు ముందు వారమే మా బావ బండి సీటు కింద ఎండుచేప దాచి వచ్చాను. దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "మా బావకు చెప్పు, గిసొంటి నాటకాలు నా దగ్గర నడవయ్. లారీ కింద పడ్డోన్ని లేచి చాయ్ తాగి పొమ్మను" అన్నాను. అవతల ఆ మనిషి ఏడుపు వినిపించింది. వెంటనే బండి తీశాను. నేనుండే నర్సింహులపేట నుంచి దవాఖాన చేరేసరికి తెల్లబట్ట కప్పేశారు.

ఆయన మా అక్క భర్త. దుకాణంలో ఒక బల్ల మీద చచ్చిన కంప్యూటర్లు, ఇంకో బల్ల మీద చచ్చిన మనుషుల ఫొటోలు. ఎవరింట్లో మనిషి పోయినా దశదినకర్మకు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాల్సిందే కదా, ఆ ఫ్లెక్సీలు తయారుచేసేది ఆయనే.

"ఏంది బావా, గిది దుకాణమా, వల్లకాడా?" అని ఉడికించేవాణ్ణి.

"వల్లకాట్ల గిరాకీ తక్కువుండది బామ్మర్ది" అనేవాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

పెళ్లి గుంపు ఫొటో తెచ్చి, చచ్చిన మనిషి ముఖం చూపించి పోయేవారు జనం. ఆ ముఖాన్ని గుంపులోంచి జాగ్రత్తగా కోసి తీసేవాడు. భుజం మీద ఎవరి చెయ్యో ఉంటే చెరిపేసేవాడు. భార్య చెయ్యి అయితే మాత్రం ఉంచేవాడు. "గా చెయ్యి తీసే అధికారం మనకెక్కడిది?" అనేవాడు.

పదో తరగతి గట్టెక్కని నేను ఈరోజు కంప్యూటర్లు బాగుచేసుకుని తింటున్నానంటే ఆయన చలవే. మిషన్ లేవకపోతే నేను ముందు నెత్తి మీద ఒకటి కొట్టేవాణ్ణి. ఆయన నా చెయ్యి పట్టుకునేవాడు. "కొట్టుడెందుకు? అడుగు. లైటు వస్తున్నదా? ఫ్యాను తిరుగుతున్నదా? చప్పుడు చేస్తున్నదా? అన్నీ అడిగినంక గూడ పలుకకుంటె, అప్పుడను సచ్చిందని."

ఒకసారి మార్కెట్‌లో ధాన్యం కొనే సేటు తన కంప్యూటర్ ఆటోలో వేసుకుని వచ్చాడు, కాలిపోయిందని లబలబలాడుతూ. చూస్తే వెనక వైపు చిన్న స్విచ్చి ఆపేసి ఉంది, అంతే. నా నోరు దురద పెట్టింది. బావ నా కాలు తొక్కాడు. "సాయంత్రం రాండ్రి సేటు" అని పంపించి, డబ్బా విప్పి దుమ్మంతా ఊది శుభ్రం చేసి కూర్చున్నాడు. "ఇప్పుడే ఇస్తే ఆయనకు నామోషి అయితది. నువ్వు ఊరంత టాంటాం చేస్తవు" అన్నాడు. మనిషి పరువును అంత పదిలంగా పట్టుకునేవాడు.

ఇక ఆయన ఫ్లెక్సీ సంగతి. ఊరందరి ఫొటోలు దిద్దిన మనిషిది పనికొచ్చే ఫొటో ఒక్కటి దొరకలేదు. ఆయన ఫోను లారీ చక్రం కింద నుగ్గయింది. పెళ్లి ఆల్బం తెరిస్తే అందులో మూతి మీద నూగు మీసమున్న బక్క పిల్లాడు. అక్క చూసి మూసేసింది. "గీ పిలగాడు పోలేదు తమ్మీ. పోయినాయన వేరే" అన్నది. నా ఫోనులో బావ ఫొటోలకు కొదువ లేదు. ఒకదాంట్లో నోరు తెరిచి గురక పెడుతుంటే నోట్లో నేను పెట్టిన పచ్చిమిరపకాయ, ఇంకోదాంట్లో చెవులకు బట్టల క్లిప్పులు.

"గివి కడుదామా చౌరస్తల?" అన్నది అక్క. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఆమెకు కావలసింది ఒక్కటే. పోయిన ఎండాకాలం బావ కెమెరాకు టైమర్ పెట్టి, ఉరికొచ్చి అక్క పక్కన నిలబడి, ఆయాసపడుతూ నవ్విన ఫొటో. అది దుకాణంలోని కంప్యూటర్లో ఉంది. "గదే కావాలె తమ్మీ. ఎట్లన్న జేసి తియ్యి" అన్నది.

షట్టర్ ఎత్తి బటన్ నొక్కాను. ఉలుకు లేదు పలుకు లేదు. రోజూ దుకాణం మూసేటప్పుడు ప్లగ్గులన్నీ పీకేవాడు బావ. ఆ రోజు ఇప్పుడే వస్తానని బండెక్కాడు. తర్వాత మా ఏడుపులో మేముంటే, గాలివానకు కరెంటు వచ్చిపోయి వచ్చిపోయి ఆడింది. ప్లగ్గు పీకేదెవరు?

ఆయన చెప్పిన వరసలోనే అడుగుతూ పోయాను. ప్లగ్గు మార్చాను, తీగ మార్చాను. లైటు రాలేదు. డబ్బా విప్పితే లోపలికి కరెంటు ఇచ్చే పెట్టె దగ్గర కాలిన వాసన. అలమారాలో ఉన్న పాత పెట్టె తెచ్చి బిగించాను. ఫ్యాను తిరిగింది. అక్క స్టూలు మీంచి లేచింది.

"వచ్చిందా?"

"ఊపిరి వచ్చిందక్కా. ముఖం రాలే."

తెర నల్లగానే ఉంది, లోపల బీప్ బీప్ అని మోత. ర్యామ్ పట్టీ పట్టు తప్పితే చేసే మోత అది. పట్టీ పీకి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, టక్కున కూర్చునేదాకా నొక్కాను. తెర వెలిగింది. అక్క కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. కనబడినవి నాలుగు తెల్ల అక్షరాలు, డిస్కు దొరకడం లేదని. చెవి ఆనించి విన్నాను. ఫొటోలుండే డిస్కులో టక్, టక్ అని ఏదో కొట్టుకుంటోంది.

"ఏమంటున్నది తమ్మీ?"

ఎందరికో అబద్ధాలు చెప్పి పరేషాన్ చేసిన నోరు నాది. ఆ పూట ఒక్కటీ రాలేదు. "పోయిందక్కా" అన్నాను.

ఆమె వినలేదు. డిస్కును తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నాతో బస్సులో మానుకోట వచ్చింది. అక్కడి రిపేరు మనిషి మా బావను ఎరిగినవాడే. "లోపల గీసుకపోయిందక్కా. ఇంక ఎక్కడికి పంపినా రాదు" అని, డిస్కును తిరిగి తువ్వాలలో చుడుతూ, "ఇంకోతాన కాపీ పెట్టుకోండ్రని మాకందరికి అన్న చెప్పెటోడు గదా" అన్నాడు. అవును, అందరికీ చెప్పేవాడు.

చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మే దిక్కయింది. గోరంత ముఖాన్ని తలుపంత చేస్తే ఏముంటుంది? చౌరస్తాలో మార్కెట్ యార్డు గేటు పక్కన ఫ్లెక్సీ కట్టి కిందికి దిగి చూస్తే, ముఖం లేదు, అన్నీ గళ్ళే. కన్నెక్కడో మూతెక్కడో తెలియదు. "గిదేంది, గళ్ల లుంగీ ఆరేసినట్టున్నది" అన్నాడు ఒక హమాలీ. ఇంకొకరి ఫ్లెక్సీ అయితే ఆ మాట నేనే అనేవాణ్ణి. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

అక్క ఫ్లెక్సీ వైపే చూస్తూ ఒక్కో అడుగు వెనక్కి వేయసాగింది. రోడ్డు మీదికి పోయింది. ట్రాక్టర్ డ్రైవర్ బ్రేకు కొట్టి "ఓ అక్కా, ఎనుక సూస్కో!" అని అరిచాడు. ఆమె ఆగలేదు. అవతలి వైపు పత్తి తూచే కాంటా గోడ వీపుకు తగిలేదాకా పోయి, అక్కడ నిలబడింది.

"తమ్మీ, ఇక్కడికి రా" అని పిలిచింది. "గీడికెల్లి మంచిగ కనబడుతుండు."

పోయి ఆమె పక్కన నిలబడ్డాను. నిజమే, అంత దూరం నుంచి గళ్ళు కలిసిపోయి కనబడుతున్నాడు. అంతలో పత్తి లోడు లారీ ఒకటి వచ్చి మాకూ ఆయనకూ అడ్డంగా ఆగింది. అక్క ఆ లారీ కదిలేదాకా రెప్ప వేయకుండా అటే చూస్తూ నిలబడింది.