అమ్మమ్మ గేదె మంచినీళ్ల చెరువులో దిగింది

ఎనభైల్లో, రేపల్లెకు అవతల మా అమ్మమ్మగారి ఊళ్లో ఏ బావి తవ్వినా ఉప్పునీళ్లే. వేసవిలో కాలువ కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకునేవారు. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్లే తాగాలి. అందుకని అమ్మమ్మ పట్టుబట్టి ఒక కట్టుబాటు పెట్టించింది. చెరువు పాడుచేసినవాళ్లు ఎవరైనా సరే, వారం రోజులు పొద్దుగూకేదాకా గట్టు మీద కాపలా కూర్చోవాలి.

ఒక ఏడాది పొరుగింటి మామయ్య పొలం నుంచి వస్తూ రేవులో కాళ్లు కడుక్కున్నాడు. అమ్మమ్మ చూడనే చూసింది. పాపం, వారమంతా ఎండలో కూర్చున్నాడు. ఆ తర్వాత మా గుమ్మం వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ మరుసటేడు వేసవి సెలవులకు నేను తెనాలి నుంచి వెళ్లాను. ఒక ఉదయం అమ్మమ్మా నేనూ గేదెను తోలుకుని గట్టు పక్కగా వెళ్తున్నాం. రేవు మెట్ల మీద ఒకావిడ అంట్లగిన్నె ముంచబోతోంది. అమ్మమ్మ పలుపు నా చేతిలో పెట్టి పరుగెత్తింది. నేనా, తిట్లు వినే సంబరంలో పలుపు వదిలేసి వెనకాలే పరుగెత్తాను.

ఆవిడ చీవాట్లన్నీ ఓపిగ్గా విని, "ఒక్కసారి వెనక్కి తిరగండి అత్తయ్యగారూ" అంది.

మా గేదె మెడదాకా చెరువులో ఉంది, హాయిగా కళ్లు మూసుకుని.

దాన్ని బయటికి లాగేసరికి జనం పోగయ్యారు. "శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది" అన్నారెవరో. అందరూ అమ్మమ్మ మొహమే చూస్తున్నారు. ఆవిడ తప్పించుకుంటే ఆ కట్టుబాటును ఇక ఎవరూ లెక్కచేయరు. పిల్ల వదిలేసిందని ఒక్క మాటంటే చాలు. నేను ఆవిడ వెనక నక్కాను.

"గేదె నాది. రేపట్నించి కూర్చుంటా" అంది.

ఆరోగ్య కార్యకర్త వచ్చి బ్లీచింగ్ పౌడర్ చల్లాడు. ఊరంతా నీళ్లు కాచుకుని తాగింది, మమ్మల్ని తిట్టుకుంటూనే.

మర్నాడు అమ్మమ్మ పక్కన నేనూ కూర్చున్నాను. కాసేపటికి మామయ్య చాప చంకన పెట్టుకుని వచ్చాడు. దెప్పడానికే వచ్చాడనుకున్నాను.

"ఇక్కడ నీడ పదింటికల్లా పోద్ది పెద్దమ్మా. తర్వాత ఆ తుమ్మచెట్టు కిందకి జరగండి. కూర్చున్నోణ్ణి, నాకు తెలుసుగా" అని చాప పరిచాడు. అమ్మమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూశాక నా ప్రాణం కుదుటపడింది.

వారంతో శిక్ష తీరింది. ఎనిమిదో రోజు కూడా అమ్మమ్మ గట్టుకు బయల్దేరింది. మేం వెళ్లేసరికి మామయ్య అప్పటికే చాప మీద ఓ పక్కకు జరిగి, ఆవిడకు చోటుంచి కూర్చున్నాడు.