మామ పంపకాల్లో రాయని మూల

మా మామ బతికుండగానే కొడుకులిద్దరికీ భూమి పంచాడు. చిన్నప్పుడు తన తండ్రీ చిన్నాయనలూ గట్టు మీద గొడ్డళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడడం చూశాడట. ఆ భయం ఆయనను వదల్లేదు. అందుకే పందొమ్మిది వందల అరవైలలో, ఇంకా చూపు బాగున్న రోజుల్లోనే, పట్వారీని పిలిపించి భూమి కొలిచే గొలుసు పట్టించాడు. ఇస్నాపూర్ దాటాక రోడ్డు పక్కనే మా భూమి. రోడ్డు వైపు మెట్ట చెలక బావగారికి, బావి ఉన్న కింది భూమి మా ఆయనకు వచ్చాయి. మోట వంతులు, బండి బాట, గట్టు మీది సీతాఫలాలు ఎవరు తెంపుకోవాలన్నది కూడా కాగితం మీద పెట్టించాడు.

ఆరోజు వాకిట్లో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన మా అత్తకు తమ్ముడి వరస. బియ్యం చెరుగుతున్న ఆమెను చూపించి, "అందరికిచ్చినవ్, మా అక్కకేమిస్తున్నవ్ బావా?" అని అడిగాడు.

"ఆమెకు కొత్తగా ఇచ్చేదేముంది? నా పక్కన జాగ ఉన్నది గద" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ జాగ నిజంగానే ఉంది. మేము చర్చికి పోయేవాళ్లం గానీ చర్చి సమాధులు దూరం. మా వైపు సొంత భూమి ఉన్నవాళ్లు చనిపోయినవాళ్లను అందులోనే పెట్టుకుంటారు. చెలక చివర, మా వంతు భూమికి ఆనుకుని, కానుగ చెట్టు కింద మామ తల్లిదండ్రులున్నారు. వాళ్ల పక్కన తాను, తన పక్కన అత్త అని మామ లెక్క. గొలుసు లాగినప్పుడు ఆ మూల బావగారి వాటాలోకి పోయింది. ఎవరికీ పట్టింపు లేదు. కొడుకు భూమిలో తల్లికింత చోటు రాసుకోవాలని ఎవరికి తోస్తుంది?

మామ పోయాక అనుకున్నట్టే అక్కడ పెట్టాం. కొన్నాళ్లకు నేను గడ్డి కోయడానికి పోతే, ఆయన సమాధి పక్కన అత్త నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. కొడవలి పడేసి ఉరికాను. ఆమె నిదానంగా లేచి, వీపుకంటిన మట్టి దులుపుకుంది.

"సరిపోతది పిల్లా. జెర కాళ్ల దిక్కు రాళ్లున్నయ్, తీపియ్యాలె" అంది.

మర్నాడు తానే ఆ రాళ్లు ఏరి, తన చోటు చుట్టూ వరుసగా పేర్చుకుంది. ఏటా ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు పెట్టేది. ఆ రాళ్లకు కూడా సున్నం పూసేది. ఖాళీ నేల చుట్టూ ఆ తెల్లరాళ్లు చూడలేక నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఆమెకు మాత్రం అది కట్టుకున్న ఇల్లు.

డెబ్బైలలో పటాన్‌చెరు వైపు నుంచి ఫ్యాక్టరీలు రావడం మొదలైంది. బావగారి చెలక రోడ్డు మీదుంది కాబట్టి ముందు దాన్నే అడిగారు. ఆయన అమ్మాడు. చెడ్డవాడు కాదు. ఆయన వాటా ఆయన అమ్ముకున్నాడు. మా ఆయన ఒక్కటే అడిగాడు, అమ్మ జాగ ఏమైందని.

"కొన్నోళ్లతోని మాట్లాడిన తమ్మీ. సమాధులను అస్సలు ముట్టం అన్నరు" అన్నాడు బావగారు.

ముట్టలేదు కూడా. చుట్టూ గోడ కట్టారు, అంతే. మొదటి ఈస్టర్‌కు లోపలికి పోనిచ్చారు. మరుసటి ఏడు గేటు దగ్గర హిందీ మాట్లాడే కొత్తాయన, లోపల మండే మందులున్నాయి, అగ్గి తేవద్దని చేతులు అడ్డం పెట్టాడు. కొవ్వొత్తులు వెలిగించం, సున్నం వేసి వస్తాం అన్నా వినలేదు. అత్త సున్నం బకెట్టుతో వెనక్కి తిరిగింది. ఇంటికి రాలేదు. గోడ పొడవునా నడిచి మా భూమిలోకి వచ్చింది. కానుగ కొమ్మలు గోడ మీద కనిపించే చోట ఆగి, తన చేయి అందినంత మేర ఆ గోడకే సున్నం వేసింది.

అప్పటినుంచి అదే ఆమె చోటు. పొద్దున పనులయ్యాక పోయి గోడకు వీపానించి కూర్చునేది. ఒకనాడు అన్నం తీసుకుపోతే చెవి గోడకు పెట్టి ఉంది.

"మీ మామకు నిద్ర పడ్తలేదు పిల్లా. గా మిషిన్లు పండనిస్తలేవు."

నేను గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

అత్త ఎండాకాలంలో పోయింది. బావగారు పాస్టరయ్యను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయాడు. వాళ్లు కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, కొత్తగా ఎవరినీ పెట్టనివ్వబోమని చెప్పారట. తిరిగి వచ్చి శవం దగ్గరికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"నాయిన సీతాఫలాలు గూడ రాపిచ్చిండు. అమ్మను మర్సిపోయిండు. అమ్మేటప్పుడు నాకైన యాదికి రాకపాయె" అన్నాడు.

మా ఆయన గడ్డపార తీసుకుని సున్నం వేసిన గోడ దగ్గరికి పోయాడు. గోడకు అటు మామ, ఇటు అత్త. పక్కనే అని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు.

ఆ తర్వాత సాయంత్రాలు చర్చిలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే పోయి అక్షరాలు నేర్చుకున్నాను. తల తెల్లబడుతున్న వయసులో పలక పట్టానని ఇంట్లో నవ్వారు. డెబ్బైలు ముగిసేలోగా మా ఆయన కూడా పిల్లలకు పంచుదామన్నాడు. సంగారెడ్డి నుంచి దస్తావేజులు రాసేటాయన వచ్చాడు. రాసింది నేను కూడబలుక్కుంటూ చదివాను. అన్నీ ఉన్నాయి, అత్తను పెట్టిన మూల లేదు.

"గోడ పక్కన జాగ ఎవ్వరి పాలల్ల ఎయ్యకుండ్రి. అందరిదని రాయుండ్రి. ఎవ్వరు అమ్మొద్దు. రోడ్డు నుంచి అక్కడిదాంక బాట గూడ రాయుండ్రి" అన్నాను.

"రాస్త గని, ఎంత జాగనో చెప్పాలె గదమ్మా" అన్నాడాయన.

మా ఆయన నా వైపు చూశాడు. ఆ జాగను ఎప్పుడూ ఎవరూ కొలవలేదు. నేను లేచి గోడ దగ్గరికి పోయాను. అత్త పక్కన మా ఆయనకు చోటు వదిలి, అవతల నేల మీద వెల్లకిలా పడుకున్నాను. కాళ్ల దగ్గర రాళ్లు గుచ్చుకున్నాయి. ఎండకు కళ్లు మూసుకున్నాను. వీపు కింద భూమి సన్నగా వణుకుతోంది. గోడ అవతలి మిషిన్ల మోత మట్టిలోంచి వచ్చి ఎముకలకు తగులుతోంది. అత్త చెప్పినప్పుడు ముసలితనం అనుకున్నాను.

లేచి, వీపు దులుపుకుని వచ్చి, ఎంత జాగనో చెప్పాను. ఆయన రాసుకున్నాడు.