కింది నుంచి చూడాల్సిన రాయి

ఈరమ్మకు నోటి మీద అదుపు లేదని మడకశిరలో ఉన్నప్పుడే పేరు. 1994లో బెంగళూరులో ఒక మ్యూజియంలో ఊడ్చే పని దొరికాక, పాపం, ఆ నోటికి తాళం వేసుకుంది. చూడవచ్చినవాళ్లతో పనివాళ్లు మాట్లాడకూడదని అక్కడి నియమం. పనిలో చేరాక వచ్చిన ఉగాది నాడే అక్కడి ఒక వీరగల్లుకు పసుపు పూసి దొరికిపోయింది. ఇంకో ఫిర్యాదు వస్తే పని ఊడుతుందని ఆఫీసరు శ్రీనివాసప్ప తేల్చి చెప్పాడు. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు. ఆ పని పోతే పొయ్యి వెలగదు.

వీరగల్లంటే, ఊరి పశువులను దొంగల నుంచి కాపాడుతూ ప్రాణం విడిచినవాడికి నిలిపిన రాయి. దాని మీద ఒకదాని పైన ఒకటి మూడు వరసల బొమ్మలు.

ఒకరోజు బడిపిల్లలు వచ్చారు. వాళ్ల టీచరు వరూధిని వీరగల్లు పక్కనున్న బోర్డు చూస్తూ, అందులో ఉన్న వరసలోనే పైనుంచి మొదలుపెట్టింది. "పైన పూజ చేసుకుంటున్నాడు. మధ్యలో ఆడవాళ్లతో ఊరేగుతున్నాడు. కింద యుద్ధంలో ఓడి చచ్చాడు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఈరమ్మకు ఒళ్లు మండింది. ఆమె సొంతూళ్లోనూ అలాంటి రాయుంది, అది వాళ్ల వంశంలో పూర్వీకుడిదే. చీపురు పక్కన పడేసింది.

"పైనుంచి కాదమ్మా, కిందనుంచి చూడల్ల! కింద ఆవుల కోసరం కొట్లాడి సచ్చిపోయినాడు. నడుమ దేవకన్నెలు ఎత్తుకొని పోతా ఉండారు. పైన శివుని కాడ కూసోని ఉండాడు. ఓడిపోలేదు, గెలిచినాడు!"

టీచరు మొహం మాడ్చుకుని నేరుగా ఆఫీసు గదికి నడిచింది. శ్రీనివాసప్ప వచ్చేసరికి ఈరమ్మ చీపురు మళ్లీ చేతికి తీసుకుంది.

"ఎవురు చెప్పిరి నీకు?"

"మా అవ్వ సారూ. రాయి కడిగేటప్పుడు కాళ్ల కాడ మొదులుపెట్టి పైకి పోవల్ల. పైనుంచి కిందికి కడిగితే మనిషిని మళ్లీ సంపినట్లే అంటా ఉండె."

శ్రీనివాసప్ప బోర్డు వంక చూశాడు. దాన్ని రాయించింది ఆయనే. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇంగోసారి చెప్పమ్మా. మెల్లిగా చెప్పు, రాసుకుంటా."

2007లో పని మానుకున్న మర్నాడు ఈరమ్మ పట్టుచీర కట్టుకుని, మొదటిసారి ముందు గేటులోంచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. రాయి దగ్గరున్న ఒక పెద్దాయనను బోర్డు చదివిపెట్టమంది.

"కింది నుంచి పైకి చూడండి అని ఉందమ్మా."

"అది చెప్పింది నేనేనప్పా!" అంది ఈరమ్మ, హాలంతా వినపడేలా.