వేదియల్ క్లాసు

తమిళంలో కెమిస్ట్రీని 'వేదియియల్' అంటారు. మా నోళ్ళలో నలిగి అది 'వేదియల్' అయింది. ఈ ఒక్క మాట పుణ్యమా అని పదో తరగతిలో నా చదువు ఆగిపోబోయింది.

తమిళనాడు గుడియాత్తంలో మాది తెలుగువాళ్ళ మగ్గాల ఇల్లు. నేసేది అమ్మానాన్నలు, ఇంట్లో పెత్తనం మాత్రం అవ్వది. వేదియల్ క్లాసు పెట్టారు, రోజూ సాయంత్రం ఆలస్యమవుతుందని ఒకనాడు అవ్వకు చెప్పాను. ఆవిడ చెవికి అది 'వేదం' అని వినబడింది. మా వైపు వేదమంటే బైబిలు, వేదక్కారులంటే క్రైస్తవులు. పైగా ఆ పాఠం చెప్పే మిస్ మెడలో శిలువ ఉండేది. ఇక చెప్పాలా!

"సర్కారు బడిలో దేవుని పాఠాలు చెప్పకూడదని చట్టం ఉండాది. నాకు తెలీదనుకుంటివా?" అంది. అది సైన్సు అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "రేపు నేనే వచ్చి అడగతా. నిజమైతే బడీ వద్దు గిడీ వద్దు. ఇంట్లో కూసోని నూలు కండెలు చుట్టు."

మర్నాడు అవ్వ వెనకాల హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను మేం పెద్ద మిస్ అనేవాళ్ళం. తమిళామె, కానీ మా వీధి పిల్లలకు చెప్పీ చెప్పీ మా తెలుగంతా పట్టేసింది. అవ్వ గోడు మొత్తం విన్నది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నా పుస్తకం తెరిచి బొమ్మలు చూపించింది.

"ఇది దేవుని వేదం కాదమ్మా. ఉప్పు, సున్నం, సోడా, వీటి చదువు. మీ నూలుకేసే రంగు కూడా దీంట్లోదే. అయినా మీరు అడగను వచ్చినారే, అది మంచి పని. ఏ దేవుని పాఠమూ ఈడ చెప్పకూడదు. మీదైనా, మాదైనా, ఇంకొకరిదైనా."

గండం గడిచిందనుకున్నాను. అవ్వ లేవలేదు. పెద్ద మిస్ తల వెనక గోడకేసి చూస్తోంది. అక్కడ సరస్వతమ్మ పటం, దానికి తాజా మల్లెపూల దండ.

"అట్లయితే ఆ యమ్మ ఈడ ఎందుకుండాది?"

ఆ పూలు రోజూ పెట్టేది పెద్ద మిస్సే. ఆమె వెనక్కి తిరిగి పటం వైపు చూసింది.

"పటం గురించి చట్టంలో ఏముందో నాకు తెలీదమ్మా. ఇప్పుడు నేనన్న మాట మాత్రం నాకు తెలుసు" అంది. కుర్చీ జరిపి, ఎక్కి, తన చేత్తోనే పటం దించింది. కొంగుతో దుమ్ము తుడిచి, కళ్ళకద్దుకుని, సంచిలో పెట్టుకుంది. "ఇంట్లో పెట్టుకుంటాను లెండి."

ఆమె మీద ఆ రోజు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. అక్షరం ముక్క రాకపోయినా ఆ ప్రశ్న వేసిన మా అవ్వంటే కూడా నాకు గర్వమే. ఇప్పుడు వేలూరులో ఒక సర్కారు బడిలో నేనూ అదే వేదియల్ పాఠం చెబుతున్నాను. బళ్ళలో మతం గురించి, చట్టం గురించి ఎవరైనా గొంతు పెంచి వాదిస్తుంటే, ఆ కుర్చీ ఎక్కిన మనిషే గుర్తొస్తుంది.

ఆ రోజు పటం సంచిలోకి వెళ్ళాక అవ్వ లేచి పెద్ద మిస్‌కు రెండు చేతులూ జోడించింది. గుళ్ళో తప్ప ఆవిడ చేతులెత్తడం నేనెన్నడూ చూడలేదు. తర్వాత నావైపు తిరిగింది.

"సాయంత్రం ఎంతసేపైనా ఉండి నేర్చుకో. చీకటిపడితే నేనే వచ్చి పిలుచుకోని పోతా."