మైకు ఇమ్మానుయేలు చెప్పిన మాట

ఏలూరులో ఇమ్మానుయేలు ఇల్లెక్కడండీ అంటే, ఏ ఇమ్మానుయేలు అని ఎదురడుగుతారు. మైకు ఇమ్మానుయేలు అంటే మాత్రం ఇంక మాట లేకుండా చెయ్యి చూపించేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఏ కబురైనా ఆయన నోటి మీదుగానే వెళ్ళింది. రేపు కుళాయి రాదని, ఆదివారం పోలియో చుక్కలని, తమ్మిలేరుకి నీళ్ళు వదిలారని, ఎర్రగౌను వేసుకున్న అయిదేళ్ళ పిల్ల తప్పిపోయిందని. మొదట్లో రిక్షా, తర్వాత ఆటో. ముందొక హారను, వెనకొక హారను, మధ్యలో కాళ్ళ దగ్గర బ్యాటరీ పెట్టుకుని ఇమ్మానుయేలు. చర్చిలో వాక్యం చదివీ చదివీ సాపైన గొంతు ఆయనది. అరవడు. పక్కింటాయన అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు చెబుతాడు. కుళాయి రాదని ఆయన చెబితే, సాయంత్రానికల్లా వీధివీధంతా బిందెలు నింపుకునేది.

కూడు పెట్టింది మాత్రం సినిమానే. కుళాయి కబుర్లకి వచ్చేది ఆటో తిరగడానికే సరిపోయేది. పెద్ద సినిమా వచ్చిందంటే వారం రోజులు నిండా పని. ఇన్నేళ్ళు తిరిగాక ఏ సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో ఆయనకి ఇట్టే తెలిసిపోయేది. ఆటో వెనకాల కుర్రాళ్ళు పరిగెడితే మొదటి మూడు రోజులూ గట్టెక్కినట్టే. ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తే రెండో వారం ఉంది. గుమ్మంలోకి వచ్చినావిడ 'వెళ్దామా' అన్నట్టు పక్కింటావిడ వంక చూసిందంటే యాభై రోజులకి తిరుగులేదు. హాలు నడిపే ప్రసాదరావుగారు పేపర్లో రాసినవేవీ నమ్మరు. ఇమ్మానుయేలుని పిలిచి, "గుమ్మాలెలా ఉన్నాయండీ?" అని అడుగుతారు.

2009 ఆగస్టులో గుమ్మాలు మూసుకున్నాయి.

స్వైన్ ఫ్లూ. టీవీ పెడితే అదే. పూణేలో సినిమా హాళ్ళు మూయించేశారని, హైదరాబాదులో జనం ముక్కులకి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారని. ఏలూరులో ఎవరికీ వచ్చినట్టు తెలీదు. తెలీకపోవడమే ఇంకా భయం. బస్సులో ఎవరైనా తుమ్మితే చుట్టూ సీట్లు ఖాళీ అయిపోయేవి. పొద్దున్నపూట మునిసిపాలిటీ వాళ్ళు ఇమ్మానుయేలుకి ఒక కాయితం ఇచ్చేవారు. చేతులు సబ్బుతో కడుక్కోండి, గుంపుల్లోకి వెళ్ళకండి అని. చెప్పేవాడు. మధ్యాహ్నం అదే ఆటోకి బ్యానరు మార్చుకుని, గుంపులుగా రండి అని చెప్పాలి.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఏడాదిన్నర నుంచి ఊరించిన పెద్ద సినిమా ఒకటి దిగింది. దాని మీద ప్రసాదరావుగారు హాలుని పణం పెట్టినంత పని చేశారు. మొదటి రెండు రోజులూ అభిమానులు ఈలలు వేసి, కొబ్బరికాయలు కొట్టి, కాగితాలు చింపి గోల చేశారు. మూడోరోజు ఆదివారం. ఫస్టు షోకి ఆడవాళ్ళ క్యూలో ముగ్గురే ముగ్గురు. ఆ ముగ్గురూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నారు.

సోమవారం పొద్దున్నే ప్రసాదరావుగారు పిలిచారు. మనిషి రాత్రంతా నిద్రపోయినట్టు లేరు.

"ఒక్క మాట కలపాలండి ఇమ్మానుయేలుగారూ. హాలంతా రోజుకి రెండుసార్లు మందునీళ్ళతో కడిగిస్తున్నాం, పిల్లాపాపల్తో నిర్భయంగా రండి అని."

"కడిగిస్తున్నారాండీ?"

"కడిగిద్దామండీ. మనుషులు దొరకొద్దూ? మీరు ముందు చెప్పేయండి. ఎవరు చెప్పినా నమ్మరు గానీ మీరు చెబితే నమ్ముతారు. ఆడవాళ్ళు కదలకపోతే బుధవారానికి బొమ్మ ఎత్తేయాల్సిందేనండి. నేనైపోతాను. తర్వాత మిమ్మల్ని పిలవడానికి ఇక్కడ హాలు ఉండదు."

ఆ మధ్యాహ్నం మెట్ల మీద ఒక బకెట్టు ఫినాయిలు కుమ్మరించారు. వాసన రోడ్డు దాకా కొట్టింది. లోపల చీపురు కూడా పడలేదు. ఇమ్మానుయేలు బ్యానరు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు తలుపు తోసి కళ్ళారా చూశాడు. చూసి, తలుపు దగ్గరికి వేసి, ఆటో ఎక్కాడు.

ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావలసిన పనేం లేదు. ఆ రోగం అంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ వణికిపోతున్నవాడు ఆయనే. ఒక్కగానొక్క కూతురు పెర్సిస్ ఏడో నెలతో పుట్టింటికి వచ్చి ఉంది. అల్లుడు మధుబాబు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో గుమాస్తా. పెళ్ళయిన ఆరేళ్ళలో ఒక కడుపు నాలుగో నెలలోనే పోయింది. ఇది రెండోది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ ఫ్లూ వస్తే తల్లికీ బిడ్డకీ కూడా ముప్పని, మునిసిపాలిటీ కాయితంలో ఉన్న ఆ వాక్యాన్ని ఆయనే రోజుకి నలభైసార్లు చదువుతున్నాడు. ఇంటికి రాగానే పెరట్లో నూతి దగ్గర ఒళ్ళు తోముకునేవాడు. కూతురి గదిలోకి అడుగు పెట్టేవాడు కాడు. వరండాలో చాప వేసుకుని, తన కంచం తనే కడుక్కునేవాడు. పిల్లని ఆదివారం చర్చికి కూడా వెళ్ళనివ్వలేదు. ఇంట్లో ఇన్ని కట్టుబాట్లు పెట్టిన మనిషి, ఊళ్ళోవాళ్ళని మాత్రం నిర్భయంగా రమ్మన్నాడు. ఊరు వేరు, తన ఇల్లు వేరు అనుకున్నాడు.

మొదటి వీధిలో ఆ మాట గబగబా చెప్పి దాటేశాడు. రెండో వీధిలో కొంచెం నయం. నాలుగో వీధికొచ్చేసరికి కుళాయి కబురు చెప్పినంత హాయిగా వచ్చేసింది. తన వీధి మొగలో డ్రైవరు అలవాటు కొద్దీ ఆటో నెమ్మది చేశాడు. అక్కడా చెప్పాడు. గుమ్మాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పక్కింటి వెంకటదుర్గ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆవిడ తన ఇంటి వైపే చూడటం ఇమ్మానుయేలు గమనించాడు కూడా. బొమ్మ నిలబడుతుంది అనుకుని సంతోషించాడు.

నిజంగానే నిలబడింది. బుధవారం మ్యాట్నీకి ఆడవాళ్ళ క్యూ సైకిల్ స్టాండు చుట్టూ తిరిగిందట. ఇమ్మానుయేలు ఊళ్ళో లేడు. కొల్లేటి వైపు ఊళ్ళు తిరగమని ప్రసాదరావుగారు మూడు రోజులు మండవల్లి పంపారు. చేపల చెరువుల గట్ల మీద హారను మోగిస్తూ, పనివాళ్ళు వల పక్కన పడేసి వినేదాకా అదే మాట చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరండాలో భార్య మాణిక్యం నిలబడి ఉంది. లోపల దగ్గు వినిపించింది. పొడిదగ్గు. ఇమ్మానుయేలు కాళ్ళు కడుక్కోవడం మర్చిపోయాడు.

"పిల్లకి మధ్యాహ్నం నుంచి ఒళ్ళు కాలిపోతోందండి," అంది మాణిక్యం. "మీకెలా చెప్పాలో తెలీలేదు. బుధవారం వెంకటదుర్గతో మ్యాట్నీకెళ్ళింది."

"నువ్వెలా పంపించావే?"

"మీరే చెప్తిరి కదండీ!" అంది మాణిక్యం ఏడుస్తూ. "వీధి మొగలో నిలబడి మీరే చెప్తిరి. చర్చికి పంపకపోతే పంపకపోయారు, హాలు కడిగించారని చెప్పింది మీరేగా. వచ్చిన దగ్గర్నుంచి నాలుగ్గోడల మధ్య ఉంది పిల్ల, వెళ్ళిరానీ అనుకున్నాను."

ఇమ్మానుయేలు చేతిలో సంచి వరండాలో పడేశాడు. ఇన్నాళ్ళూ దాటని గుమ్మం దాటి లోపలికెళ్ళాడు. పెర్సిస్ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తండ్రిని చూసి నవ్వబోయింది.

"సినిమా బాగుంది నాన్నా," అంది. "తిట్టకు. నువ్వు చెప్పావనే వెళ్ళాను."

పెద్దాసుపత్రిలో పిల్లని వెనకవైపు గదిలో విడిగా పెట్టారు. గొంతులోంచి, ముక్కులోంచి పుల్లతో తడి తీసి సీసాలో పెట్టారు. అది హైదరాబాదు వెళ్ళి రావాలి. నర్సు పుష్పలత వాళ్ళ చర్చి మనిషే. మాస్కు కిందనుంచి మెల్లగా చెప్పింది.

"మూడు రోజులు పట్టొచ్చు బాబాయిగారూ. ఈలోగా మందులు మొదలెట్టేశారు. లోపలికి మాత్రం ఎవర్నీ రానివ్వరండి."

కిటికీకి పదడుగుల దూరంలో తాడు కట్టారు. తాడు ఇవతల ఇమ్మానుయేలు కూర్చున్నాడు. మాణిక్యం తెచ్చిన అన్నం అలాగే చల్లారిపోయేది. లోపల దగ్గు వినిపిస్తే లేచి నిలబడేవాడు. వినిపించకపోతే మరీ భయపడి, పుష్పలత కనిపించేదాకా తాడు పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే వాక్యం రాలేదు. మందునీళ్ళతో కడిగిస్తున్నాం అన్న ఆ మాటే, తన గొంతుతోనే, చెవుల్లో మోగింది. మధుబాబు గూడెం నుంచి పరుగున వచ్చాడు.

"ఇల్లు కదలని మనిషికి ఎలా అంటుకుంటుందండీ మామయ్యగారూ?" అని అడిగాడు. ఇమ్మానుయేలు తాడు ముడి సవరించాడు. మాణిక్యం అన్నం గిన్నె మీద మూత సర్దింది.

ప్రసాదరావుగారు ఫోను చేశారు. బాల్కనీ నాలుగు ఆటలూ ఫుల్లయిందని, రెండోవారం ఖాయమని, ఎక్కడున్నారని. ఇమ్మానుయేలు ఫోను కట్టేశాడు. కొల్లేటి గట్ల మీద వల వదిలేసి తన మాట విన్న మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళలో ఎంతమంది ట్రాక్టరెక్కి వచ్చారో, వాళ్ళిళ్ళల్లో ఎవరు కడుపుతో ఉన్నారో ఆయనకి తెలీదు.

రెండో రోజు మధ్యాహ్నం పెర్సిస్ ఊచలు పట్టుకుని కిటికీలో నిలబడింది. రెండు రోజులకే మొహం పీక్కుపోయింది. రెండో చెయ్యి కడుపు మీద ఉంది.

"పొద్దుణ్ణుంచి లోపల కదలిక తక్కువగా ఉన్నట్టుంది నాన్నా," అంది. "నాకేం తోచట్లేదు. నువ్వు చెప్పు. భయం లేదుగా?"

ముప్ఫై ఏళ్ళ నుంచి మాట తడబడని మనిషి. చెబితే అయిపోయేది. నోరు తెరిచాడు. రాలేదు.

"హాలు కడగలేదమ్మా," అన్నాడు.

పెర్సిస్‌కి అర్థం కాలేదు. "ఏంటి నాన్నా?"

"కడగలేదు తల్లీ. ఒక బకెట్టు ఫినాయిలు మెట్ల మీద పోశారంతే. లోపల చీపురన్నా వెయ్యలేదు. నేను చూశాను. చూసే చెప్పాను." తాడుని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు. "భయం లేదని నన్ను చెప్పమనకు. నాకు చాలా భయంగా ఉంది. నీకేమన్నా అయితే అది నా నోరు చేసిందే."

పెర్సిస్ తల వంచుకుని తన కాళ్ళ వంక చూసుకుంది. చెట్టు కింద కూర్చున్న వేరే రోగుల తాలూకు వాళ్ళు ఇటు చూస్తున్నారు.

"హాల్లో కాళ్ళ కింద వేరుశనగ తొక్కలున్నాయి నాన్నా," అంది. "నడుస్తుంటే పటపటలాడాయి. సీటు చేతికి జిగటగా తగిలింది. దుర్గక్క చూసి, ఇదేం కడగడమే, లేచిపోదాం పద అంది. మా నాన్న ఊరికే అనడు, ముందాట వాళ్ళు పోసుంటారులే అని నేనే కూర్చోబెట్టాను."

అని లోపలికెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మళ్ళీ కిటికీ దగ్గరకి రాలేదు. దగ్గు మాత్రం వినిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి పుష్పలత ఒక కాయితం పట్టుకుని గబగబా నడిచొచ్చింది. మాస్కు గడ్డం కిందకి లాగేసి ఉంది.

"అది కాదండీ బాబాయిగారూ! రిపోర్టు వచ్చేసింది. మామూలు జ్వరమే. డాక్టరుగారు కడుపు కూడా చూశారు, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందట. రేపు ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

ఇమ్మానుయేలు లేచాడు. కాయితం చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళకి అక్షరాలు కనిపించలేదు. తాడు దగ్గరకి పరిగెత్తాడు. పోయిందనుకున్న గొంతు మొత్తం తిరిగొచ్చింది.

"అమ్మా పెర్సీ! అది కాదంట తల్లీ! మామూలు జ్వరమేనంట! బిడ్డకేం ఫర్వాలేదంట! రేపు ఇంటికెళ్ళిపోదాం!"

ఆసుపత్రి ఆవరణంతా వినిపించింది. చెట్టు కిందవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో ముసలావిడ ముక్కూమొహం ఎరగని పిల్ల కోసం దండం పెట్టుకుంది. మాణిక్యం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పెర్సిస్ కిటికీ దగ్గరకి వచ్చింది. తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత ఆయన చేతిలోకి చూసింది.

"ఆ కాయితం నర్సమ్మగారి చేత లోపలికి పంపించు నాన్నా," అంది మెల్లగా. "నేను చదువుకుంటాను."