మోంటానా క్యాసెట్టులో కడప వీధి

సౌదీలో అల్ ఖర్జ్ అనే చోట, పాల ఫారంలో నా ఉద్యోగం ఆవుల కార్డులు రాయడం. ప్రతి ఆవుకీ ఒక కార్డు ఉండేది. దాని నంబరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, ఎప్పుడు ఈనింది, ఏ మందు పడింది, అన్నీ అందులో ఉండాలి. ఒక్క అంకె తప్పు పడితే మూడు తరాల ఆవుల వంశం తారుమారవుతుంది. అందుకని నా బల్ల మీది వస్తువు ఎవరు ముట్టుకున్నా నాకు ఒళ్ళు మండేది. గుంటూరాయన దగ్గరికి పోతే కారం పడుద్దని క్యాంపులో నా వెనక అనుకునేవాళ్ళు. అనుకోనీ అని ఊరుకునేవాణ్ణి.

మందలన్నిటికీ పై అధికారి ఒక అమెరికా ఆయన. మేమంతా సార్ అనేవాళ్ళం. ఆయనది పశ్చిమాన మోంటానా అనే రాష్ట్రం. మనిషి పొడుగు, మాట పొట్టి. ఆయన ఫారానికి వచ్చేటప్పుడు సామానుతోపాటు ఒక రేకు పెట్టె నిండా పాత క్యాసెట్లు తెచ్చుకున్నాడు. పాటలేమో అనుకున్నాం. పాటలు కావు, ముసలివాళ్ళ మాటలు.

సంగతేమిటంటే, సార్ వాళ్ళ అమ్మ రిటైరైన టీచరు. ఆమె టేపు రికార్డరు పట్టుకుని తన జిల్లాలో ఎనభై తొంభై ఏళ్ళవాళ్ళ ఇళ్ళకు తిరిగి, వాళ్ళ చేత పాత సంగతులు చెప్పించి రికార్డు చేసింది. ఉచితంగా భూములిస్తారంటే రైలెక్కి వచ్చినవాళ్ళూ, వరసగా వానలు ఎగ్గొడితే గిన్నెలూ చెంబులూ సర్దుకుని పోయినవాళ్ళూ, పోలేక ఉండిపోయినవాళ్ళూ అందులో ఉన్నారు. మాటలన్నీ కాగితం మీదికి ఎక్కించి ఇస్తే ఆ రాష్ట్రపు పెద్ద లైబ్రరీ క్యాసెట్లను భద్రపరుస్తానందట. ఆమెకు చూపు తగ్గింది. కొడుకుకు సౌదీలో సాయంత్రాలు ఖాళీ. అలా ఆ పెట్టె ఎడారికి వచ్చింది.

టైపు చేసేది మాత్రం నేను. పని అయ్యాక ఆఫీసులోనే కూర్చుని వినడం, ఆపడం, కొట్టడం. మొదట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తర్వాత చెవి అలవాటు పడింది. ఒకాయన గుర్రబ్బండిలో పీపాలతో నీళ్ళు తెచ్చుకున్న సంగతి చెబుతుంటే ఇది అనంతపురం కాదు కదా అనిపించింది. గాలికి మట్టి కొట్టుకొచ్చి కంచెలు కూరుకుపోయాయని ఇంకొకామె చెప్పింది. కిటికీలోంచి బయటికి చూస్తే మాకూ అదే మట్టి.

అన్నిటిలోకీ సార్‌కు ప్రాణం లాంటిది ఒక క్యాసెట్టు ఉండేది. పూర్వం పోస్టాఫీసు నడిపిన ముసలామెది. ఆమె ఊరు ఇప్పుడు లేదు. జనం వెళ్ళిపోయాక ఇళ్ళు పీకి కలప అమ్ముకున్నారు, మిగిలింది గడ్డి. ఆ ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడుండేదో తెలిసిన చివరి మనిషి ఆమె. ఉత్తరాలు పంచినామె కాబట్టి ఇంటింటి వరస ఆమెకు నోటికి వచ్చు. మైకు ముందు కూర్చుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చెప్పుకొచ్చింది. ఆ తర్వాతి చలికాలమే పోయింది. పళ్ళు లేని నోటితో గబగబా చెప్పిన మాటలు. సార్‌కే సగం అందలేదు. నిదానంగా విని పట్టుకుంటానని చెప్పి, ఆయన అనుమతితోనే ఆ క్యాసెట్టు నా రూముకు తెచ్చుకున్నాను. అంతలో యుద్ధం వచ్చింది.

సైరన్లు మోగేవి. క్షిపణులు రియాద్ మీదికన్నారు, మా పక్కన విమానాలు దిగే చోటుందన్నారు, విషవాయువన్నారు. అందరూ కిటికీ సందులకు గోధుమ రంగు టేపు అంటించారు. అమెరికా వాళ్ళ కుటుంబాలు వెళ్ళిపోయాయి. సార్ వెళ్ళలేదు. ఆవుల పాలు పితకాల్సిందే కదా అన్నాడు. అదే మాట మాకూ వర్తించింది, మమ్మల్ని ఎవరూ అడగకపోయినా.

ఆ రోజుల్లో మా వాళ్ళు ఇంటికి ఉత్తరాలు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ పంపేవాళ్ళు. మాటలు రికార్డు చేసి, వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు. దానికో పద్ధతుంది. ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి, తర్వాత వీధిలో ఇంటింటినీ వరసగా పలకరించాలి. ఎందుకంటే ఆ క్యాసెట్టు వినడానికి వీధంతా వస్తుంది. ఒక ఇల్లు మరిచిపోతే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మాట్లాడరు. యుద్ధం మొదలయ్యాక, ఏమవుతుందో ఏమోనని అందరూ మాటలు పంపబోయేసరికి బకాలా కొట్టులో ఖాళీ క్యాసెట్టన్నది లేకుండా పోయింది. ఆ దుకాణదారు చేతులెత్తేశాడు.

మా మెస్సులో వంట చేసే కడపాయన అక్షరం ముక్క రాయలేడు. క్యాసెట్టే ఆయనకు గతి. నేను డ్యూటీలో ఉండగా నా రూములోకి వచ్చి, బల్ల మీదున్న ముసలామె క్యాసెట్టు తీసుకున్నాడు. మీద రికార్డు కాకుండా దాని మూల పలక విరిచే ఉంది. అది విరిచి ఉంటే ముట్టుకోవద్దని సార్ వాళ్ళ అమ్మ ఉద్దేశం. మా క్యాంపులో మాత్రం అది విరిచి ఉంటే కొనుక్కొచ్చిన పాత సినిమా పాటలని అర్థం, టేపు ముక్క అంటిస్తే మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. కడపాయన కిటికీకి అంటించగా మిగిలిన గోధుమ టేపే అంటించి, ఇంటికి చెప్పాల్సింది చెప్పి, దేశం వెళ్ళేవాడి చేతికి ఇచ్చి పంపేశాడు.

నాకు తెలిసేసరికి అది విమానమెక్కింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వంటింట్లోకి వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను.

"పాత క్యాసెట్టనుకుంటినన్నా," అన్నాడు గరిటె పట్టుకునే. "ఎవురో ముసలామె ఏందో గొణుగుతాండాది. పాటలు గూడా కాదు. ఎవురికి పనికొస్తాదిలే అనుకుంటి."

"ఎంత దాకా చెరిపావు?"

"నా మాటలు అయిపోయినంక ఆపేసినా. ముందు నించి చెప్పినా. యాడికొచ్చినాదో ఏం తెలుసు."

ఇద్దరం కలిసి సార్ దగ్గరికి వెళ్ళాం. నేను చెప్పాను. అమ్మకు ఏమని చెప్పను అన్నాడాయన, మాతో కాదు, తనలో తానే. తర్వాత కడపాయన వైపు తిరిగి, ఆ క్యాసెట్టు నీ భార్యకు అందిందా అని అడిగాడు. ఇంకా తెలియదన్నాం. అందనీ, తర్వాత అడుగుదాం అన్నాడు. నాకైతే ఆ ఓపిక ఉండేది కాదు.

యుద్ధం ముగిసింది. క్యాసెట్టు అందిందని కబురొచ్చింది. వెనక్కి పంపమని కడపాయన చేత ఇంకో క్యాసెట్టులో చెప్పించాను, పక్కన కూర్చుని. జవాబు కూడా క్యాసెట్టులోనే వచ్చింది. మెస్సులో పెట్టి విన్నాం. అతని భార్య గొంతు సన్నగా ఉన్నా మాట గట్టిది.

"ఇయ్యను. మనిషి యాడో దేశంలో ఉండాడు, గొంతన్నా ఇంట్లో ఉండాది. ఇప్పుడు దాన్ని గూడా పంపిచ్చమంటే ఎట్ల? బాంబులు పడేటప్పుడు దినామూ అదే పెట్టుకుని ఇంటిమి. ఎవురి క్యాసెట్టో అయితే వాళ్ళకు కొత్తది కొనియ్యి."

మెస్సులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కడపాయన మాత్రం మెల్లగా మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాడు.

ఇది సార్‌కు చెప్పాను. ఆమె చెప్పిందాంట్లో న్యాయముంది అన్నాడాయన. మా అమ్మ కూడా ఇయ్యదు అన్నాడు. ప్రొద్దుటూరులో పాటలు రికార్డు చేసే షాపులు ఉండేవి కదా, అక్కడికి తీసుకెళ్ళి మొత్తం క్యాసెట్టుకు నకలు తీయించుకుని, అసలుది పంపమని అడుగుదామన్నాను. మళ్ళీ ఒక క్యాసెట్టు వెళ్ళింది. సార్ వెళ్ళిపోవాల్సిన రోజు దగ్గర పడుతోంది. చివరికి కడపాయన భార్య, వాళ్ళ పక్క ఊరి నుంచి కొత్త వీసా మీద వస్తున్న మనిషి చేతికి మామిడికాయ పచ్చడితోపాటు అసలు క్యాసెట్టు ఇచ్చి పంపింది. "కొత్తదాంట్లో గూడా ఆయన గొంతే ఉండాది, ఇన్నాను. ఆ పాతది వాళ్ళకిచ్చేయి" అని కబురు చెప్పిందట.

ఆఫీసులో ముగ్గురం కూర్చున్నాం. సార్ బటన్ నొక్కాడు. ముందు కడపాయన గొంతు వచ్చింది. భార్యకు ధైర్యం, పసిబిడ్డకు ముద్దులు, మేకను అమ్మొద్దని ఒక మాట. ఆ తర్వాత వీధి మొదలైంది. బావి పక్కనింటి పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? కుమ్మరోళ్ళ ఇంట్లో పెళ్ళి కుదిరిందా? రేకుల ఇంటి మామకు నా దండాలు చెప్పు. ఆయనేం చెబుతున్నాడని సార్ అడిగాడు. వీధిలో ఇంటింటినీ వరసగా పలకరిస్తున్నాడని చెప్పాను.

టక్కుమని చప్పుడైంది. తర్వాత ముసలామె, మాట మధ్యలో నుంచి. "...దాని పక్కది కమ్మరి ఇల్లు. ఆయన భార్యకు చెవుడు, ఉత్తరం వస్తే నేను తలుపు కొట్టేదాన్ని కాదు, నేరుగా లోపలికి వెళ్ళేదాన్ని." సార్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. వీధి తూర్పు చివరి ఇళ్ళు పోయాయి. మిగతావన్నీ ఉన్నాయి. కడపాయన తల వంచుకుని కూర్చున్నాడు, భాష తెలియకపోయినా ఏం జరిగిందో అర్థమై.

ఆ సాయంత్రమే టైపు చేయడానికి కూర్చున్నాను. "ఆయన మాటలు కూడా టైపు చేయండి," అన్నాడు సార్.

నాకు చిరాకేసింది. మీ రాష్ట్రపు చరిత్రలో మా వంటాయన మేక ఎందుకని అడిగేశాను.

"ఈ క్యాసెట్టులో ఉన్నది అది. లేదని రాస్తే మిగతాదాన్ని ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

ఆవుల కార్డులు రాసేవాణ్ణి కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో టైపు చేసి, తెలుగు చేత్తో రాసి జత చేశాను. సార్ పెట్టెతో సహా వెళ్ళిపోయాడు. వాళ్ళ అమ్మ కోప్పడలేదట. ముసలామె ఎదురుగా కూర్చుని విన్నది తనే కాబట్టి, పోయిన ఇళ్ళలో గుర్తున్నవాటిని వేరే కాగితం మీద చెప్పి రాయించిందని తర్వాత సార్ ఉత్తరం రాశాడు. గుర్తులేనివి గుర్తులేవు.

కడపాయన ఇంకొన్నేళ్ళు మాకు వండిపెట్టి, పాస్‌పోర్టులో ఖురూజ్ అనే ఆఖరి ముద్ర కొట్టించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోయాడు. నేను రియాద్‌కు మారాను. క్యాసెట్లు పోయాయి, ఫోన్లు వచ్చాయి. కడపాయన చనిపోయాడని ఎవరో చెబితే చాలా బాధేసింది. నేను అంతలా తిట్టిన మనిషి మరొకరు లేరు, అన్నేళ్ళు నాకు అన్నం పెట్టింది కూడా ఆయనే.

కొన్నాళ్ళ కిందట ఒకమ్మాయి ఫోన్ చేసింది. క్యాసెట్టులో ముద్దులు అందుకున్న పసిబిడ్డ. వాళ్ళ ఊరు రిజర్వాయరులో మునిగిందట. ఎవరికి ఎక్కడ స్థలమిస్తే అక్కడికి వెళ్ళిపోయారట. ప్రొద్దుటూరులో తీయించిన నకలు సామాన్లలో తడిసి పాడైపోయింది. "అమెరికాలో అసలుది ఉంటాదని మా నాయన చెప్తాండె. ఉందా పెదనాయనా?"

ఆ లైబ్రరీకి మెయిల్ రాశాను. వాళ్ళు వెతికారు. కార్డు సరిగ్గా ఉంది కాబట్టి దొరికింది. క్యాసెట్టును ఎప్పుడో కంప్యూటరులోకి ఎక్కించారట, మొత్తం పంపించారు. నేను దాన్ని ఆ అమ్మాయి ఫోనుకు పంపి, వాళ్ళు వింటుంటే నేనూ వినేలా వాళ్ళమ్మ ఫోనుకు కాల్ చేసి లైనులో ఉన్నాను. ఇటు రియాద్‌లో నేను, అటు కాలనీలో తల్లీ కూతుళ్ళు.

ఆయన గొంతు వచ్చింది. మేక వచ్చింది. బావి పక్కనిల్లు, కుమ్మరోళ్ళ ఇల్లు, రేకుల ఇల్లు. ఒక్కో ఇంటికీ తల్లి ఊఁ కొడుతూనే ఉంది, ఎదురుగా కూర్చుని వింటున్నట్టు. టక్కుమంది. ముసలామె మొదలుపెట్టింది.

"నాయనది అయిపోయిందిమా. ఆపేస్తా," అంది కూతురు.

"ఆపొద్దు," అంది తల్లి. "ఆమె ఊరు గూడా పోయిందని మీ నాయన చెప్పినాడు గదా. చెప్పుకోనీ."