మూత తీసిన ప్లేటు

మా తమ్ముడి మనవరాలు మైక్రోబయాలజీ చదువుతోంది. మొన్న సెలవులకు మార్కాపురం వచ్చి, మంచం మీద బోర్లా పడుకుని వాళ్ళ ల్యాబు నిబంధనలు పైకి చదువుకుంటోంది. క్రిములను పెంచిన ప్లేటు మూత తీసి వాసన చూడరాదు అన్న దగ్గర ఆగి, “ఇది గూడ రాయాల్నా తాతా? ఎవురు చూస్తారు, తిక్కోళ్ళు కాకపోతే!” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళాను. మేం చూశాం మరి. చూడటమే కాదు, అదే పనితనమనుకున్నాం.

నేను పశువుల జబ్బులు తేల్చే ల్యాబులో చేరేనాటికి అక్కడి సీనియర్‌ను చిన్నా పెద్దా అందరూ అన్న అనే పిలిచేవారు. బేస్తవారిపేట, తర్లుపాడు వైపు నుంచి గొర్రెలవాళ్ళు తెచ్చే నమూనాలను గాజు ప్లేట్లలో పెంచి, ఏ క్రిమో కనిపెట్టడం మా పని. ల్యాబంటే ఏమనుకున్నారు, ఒక గది, తిరగని ఎగ్జాస్టు ఫ్యాను, ఉతికి దండెం మీద ఆరేసుకునే నాలుగు జతల గ్లవ్సు. అన్న ప్లేటు మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఇది ఫలానాది అనేవాడు, మర్నాడు పరీక్షలో అదే తేలేది. ఆ విద్య నేర్చుకోవాలని నాకు మహా ఉబలాటంగా ఉండేది గానీ, నాది ఏడాది పొడుగునా పడిశం పట్టిన ముక్కు.

ఒక ఎండాకాలం వెలిగండ్ల నుంచి ఒక పెద్దాయన గోనెసంచిలో చచ్చిన గొర్రెపిల్లను చుట్టుకుని వచ్చాడు. “గొర్రెలన్నీ నెలలు నిండకనే పిల్లల్ని పడేస్తన్నాయి, ఏందో చూడు నాయనా, మంద మొత్తం పోయేట్టుంది” అన్నాడు. నాలుగో రోజుకు ప్లేటులో సన్నటి బొట్లుగా ఏదో మొలిచింది. అన్న చేతులు వేరే పనిలో ఉన్నాయి, అందుకని మూత తీసి ఆయన ముక్కు దగ్గర పట్టుకున్నది నేనే. “ఏ వాసనా రాలేదబ్బాయ్, ఇంకొంచెం దగ్గరికి పట్టు” అంటే ఇంకా దగ్గరికి పట్టాను.

నెల తిరిగేసరికి అన్నకు పొద్దుగూకితే జ్వరం, ఒళ్ళంతా చెమటలు, నడుము నొప్పి. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు, మందులు మింగినన్నాళ్ళూ తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. వదిన చర్చిలో ప్రార్థనలు పెట్టించింది. నాకు లోపల అనుమానం పీకుతుంటే, గొర్రెల రక్తాన్ని పరీక్షించే గులాబీ రంగు మందు ఒక చుక్క తీసి, అన్న రక్తం మీద తేరిన సీరం చుక్కలో కలిపాను. చూస్తుండగానే పాలు విరిగినట్టు గడ్డలు కట్టింది. గొర్రెలకొచ్చిన జబ్బే మా అన్నకూ వచ్చింది. ఆ సంగతి ఒక చీటీ మీద రాసుకుని మనుషుల ఆసుపత్రికి పరిగెత్తితే, అక్కడి డాక్టరు “పశువుల టెస్టు పట్టుకొచ్చినావేంది? ఆయనేమన్నా గొర్రెనా?” అని దాన్ని పక్కన పడేశాడు. వాదించడానికి నా దగ్గర డిగ్రీ లేదు, ప్లేటు పట్టుకున్నది నేనేనని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. చివరికి గుంటూరులో జబ్బు పేరు తేలి, సరైన మందులు పడేసరికి నెలలు గడిచిపోయాయి. జ్వరమైతే పోయింది, నడుము మాత్రం మళ్ళీ నిటారుగా నిలబడలేదు.

అన్న మళ్ళీ పనిలో చేరాక, అలాంటి గొర్రెల నమూనా ఎప్పుడొచ్చినా, “నువ్వు బయటికి పో అబ్బాయ్, పెండ్లాం పిల్లలు గలోడివి” అని నన్ను పంపించి, మొహానికి చేతిరుమాలు కట్టుకుని తలుపేసుకునేవాడు. ఆయనకు మాత్రం లేరా పెళ్ళాం పిల్లలు? గ్లవ్సు కావాలని, అద్దాల క్యాబినెట్టు కావాలని పైవాళ్ళకు నేను రాసిన అర్జీలకు లెక్కలేదు, వచ్చిన జవాబు మాత్రం ఒక్కటే, నిధులు లేవు. ఇక చేసేదేమీ లేక, వరండాలో నిలబడి, లోపల ఆయన నడుం పట్టుకుని స్టూలు మీంచి లేస్తూ మూలగడం వింటూ ఉండేవాణ్ణి.

నా వయసువాళ్ళకు తెలుసు, అప్పట్లో ఉద్యోగమంటే ఉన్నదానితో సర్దుకుపోవడమే. ఇప్పటి ల్యాబుల్లో క్రిమికీ మనిషికీ మధ్య అద్దం ఉందట, లోపలి గాలిని వడకట్టే యంత్రాలున్నాయట, చాలా సంతోషం. ఆ రోజుల్లో నాకూ క్రిమికీ మధ్య మా అన్న ఉన్నాడు. ఆయనకూ క్రిమికీ మధ్య ఎవరూ లేరు, ఆ తలుపు తోసుకుని వెళ్ళి నేనూ ఒక్కనాడూ నిలబడలేదు.